మాల్టు కంపెనీ

ఆ ఎండాకాలం సారపాకలో మా వీధి డాబాల మీద వడియాల కంటే రాగులే ఎక్కువ ఎండాయి. అందుకు కారణం నేను. నువ్వు కాదు, నీ నోరు అంటాడు మా ఆయన. అదీ నిజమే.

మా అమ్మాయి స్తుతి మైక్రోబయాలజీ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. "ఏం కంపెనీ బిడ్డా?" అని ఫోన్లో అడిగితే, "మాల్టుతోని పని మమ్మీ, అంతా చెప్తే నీకర్థం గాదు" అంది. నాకర్థం కాకపోవడమేమిటి! నేను అంగన్‌వాడీ టీచర్ని. మాల్టు అన్న మాట చెవిన పడగానే నా కళ్ళ ముందు రాగిపిండి, స్టీలు గ్లాసులు, మూతి చుట్టూ పూసుకున్న పసిపిల్లలు కనిపిస్తారు. గర్భిణులకూ బాలింతలకూ రాగి మాల్టు గొప్పతనం చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. నా కడుపున పుట్టిన పిల్ల ఆ పనే పట్నంలో పెద్ద పెద్ద మిషన్లతో చేస్తోందంటే ఇక నేను నేల మీద నడుస్తానా? సెంటర్‌కు వచ్చిన ప్రతి తల్లికీ చెప్పాను. చర్చిలో స్త్రీల కూడికలో చెప్పాను. కూరగాయల బండి అతనికి కూడా, అడక్కపోయినా చెప్పాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా ఆయన శాంతికుమార్ కాగితం మిల్లు యార్డులో జామాయిల్ కర్ర దించే కాంట్రాక్టు పని చేస్తాడు. ఒకప్పుడు తాగేవాడు. ఎంత తాగేవాడో, తాగి ఏం చేసేవాడో చెప్పను, అవి పోయిన రోజులు. స్తుతి చిన్న క్లాసుల్లో ఉండగా ఒక ఆదివారం సంఘమంతా చూస్తుండగా మోకరించి మానేశాడు. తాగుడు పోయింది గానీ భయం పోలేదు. ఇప్పటికీ పని నుంచి వచ్చేటప్పుడు బెల్టు షాపున్న సందు వదిలేసి చుట్టూ తిరిగి ఇంటికొస్తాడు. పెళ్ళిళ్ళకు పోతే మొదటి బంతిలో తినేసి చెప్పులు వేసుకుంటాడు. ఆ వాసన మళ్ళీ మా గడప తొక్కకుండా చూడడమే ఇన్నేళ్ళుగా నా కాపలా.

ఏప్రిల్ మొదట్లో స్తుతి సెలవు పెట్టి వచ్చింది. బ్యాగు కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"మమ్మీ, మన దిక్కు రాగులతోని మాల్టు చేసి చూడాలె. మా దగ్గర కొత్త రకం పెడ్తరంట. నేను చేసింది నచ్చితే బోర్డు మీద నా పేరు రాస్తరు."

"బోర్డు మీద్నా?"

"అవ్. వచ్చినోళ్ళందరికి కనబడేటట్టు."

ఇంకేం కావాలి నాకు? ఎర్రమ్మకు కబురు పెట్టాను. ఎర్రమ్మ మా సెంటర్‌లో ఆయా, కోయ మనిషి, నాకంటే పెద్దది. వాళ్ళ ఊరు అడవి లోపల. తమ్ముడు పగిడయ్య గుట్ట చేనులో రాగులు వేస్తాడు. కబురు పెట్టిన మూడో నాటికి ఆటోలో రాగుల బస్తాలు దిగాయి, వాటి వెనక ఎర్రమ్మ దిగింది.

నానబెట్టడం, నీళ్ళు వంచడం, తడిగుడ్డలో మూట కట్టడం, ఇంతవరకూ అంతా నేనెరిగిన పద్ధతే. ఆ తర్వాతే నాకు వింతగా తోచింది. మొలక తెల్లగా తొంగి చూడగానే ఈ పిల్ల ఒక గింజ తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలేది. "ఇంకా రాలే" అనేది. ఏం రావాలే అంటే, "తీపి" అనేది. గింజ ఎండాక నేను మూకుడు పెట్టి వేయించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. గిర్నీకి పోయి పట్టించుకొస్తానంటే వద్దంది, గింజ రెండుగా పగిలితే చాలట. డాబా మీద రాగులు తిరగేస్తూ నేను ఆరా తీశాను.

"పిండి పట్టకుంటే పాలల్ల ఎట్ల కలుస్తదే?"

"పాలు పొయ్యం మమ్మీ."

"మరి?"

"నీళ్ళే."

"బెల్లం?"

"ఎయ్యం."

"పాలు లేక, బెల్లం లేక, ఎవరు తాగుతరే ఆ మాల్టు?"

"మంచిగనే తాగుతరు. శని, ఆదివారాలైతే కూసోనీకి జాగా దొరకది."

"ఆదివారమా! చర్చికి పోకుండ మాల్టు తాగుతరా?"

స్తుతి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయింది. ఎర్రమ్మ ఆ పిల్ల పోయిన వైపు చూసి, నన్ను చూసి, "పట్నపోళ్ళకు నమల్నీకి పళ్ళు లేవేమో టీచరమ్మా" అంది. నాకది సబబుగానే తోచింది. అసలు నాకు అడగడమే సంతోషం. జవాబు సరిగ్గా విన్నానా లేదా అన్నది తర్వాతి సంగతి.

మా డాబా చాలలేదు. పక్కింటివాళ్ళ డాబా అడిగాం, వాళ్ళ పక్కవాళ్ళది అడిగాం. ఎవరూ కాదనలేదు. స్తుతి మాల్టు, స్తుతి మాల్టు అంటూ వీధిలో ఆడవాళ్ళందరూ తలా ఒక చెయ్యి వేశారు. ఎండలో కూచుని పిట్టలు వాలకుండా కాపలా కాశారు, సాయంత్రం ఎత్తి పెట్టారు. మా ఆయన కూడా డ్యూటీ దిగి వచ్చాక బస్తాల మూతులు కుట్టి, భుజాన వేసుకుని బస్సు దాకా మోసుకుపోయాడు. "నా బిడ్డ కంపెనీకి నా భుజం మీద పోతున్నయ్" అని డ్రైవర్‌తో గొప్పగా చెప్పాడట.

మే నెల వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు చర్చిలో వి.బి.ఎస్., అంటే సెలవుల బైబిలు బడి, పెడతారు. పాటలు, బైబిలు కథలు, ఆటలు, చివర్లో ఏదైనా తాగడానికి. ఆ ఆదివారం ఆరాధన అయిపోయాక పాస్టరు గారి భార్య గ్రేస్ గారు, మేమంతా పాస్టరమ్మ అంటాం, నన్ను పట్టుకుంది.

"వందనాలు రిబ్కమ్మా. నాకొక ఆలోచన వచ్చింది. ఎప్పుడు రస్నాలేనాయె. ఈసారి ఆఖరి రోజు పిల్లలకు మన స్తుతి కంపెనీ మాల్టు ఇద్దామా? బలం గదా."

"ఎందుకియ్యం పాస్టరమ్మా! ఇప్పుడే అడుగుత" అని అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. చుట్టూ ఆడవాళ్ళంతా మూగారు. స్తుతి ఎత్తింది.

"బిడ్డా, మీ మాల్టు వి.బి.ఎస్. పిల్లలకు గావాలె. నూరు మంది దాకుంటరు. చిన్న చిన్న గ్లాసులైనా సరే, అందరికి అందాలె."

ఫోన్ కట్టయిందేమో అని చూశాను, కాలేదు.

"మమ్మీ, స్పీకర్ తీసెయ్."

"ఎందుకే, అందరు వింటున్నరు, చెప్పు."

"ఎవ్వరికి మాటియ్యకు మమ్మీ. దండం పెడ్త. నేనే వస్తున్న."

ఫోన్ పెట్టేసింది. "చూసిండ్రా ఎంత బాధ్యతో, సొంతంగ తెస్తదంట" అంది ఒకామె. పాస్టరమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పింది. నేను మెడ నిక్కించుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే స్తుతి సారపాక సెంటర్‌లో బస్సు దిగింది. చేతిలో ఐసు పెట్టె ఉంది, అందులో మూత బిగించిన పెద్ద స్టీలు సీసా ఉంది. వాళ్ళ డాడీ అప్పటికే డ్యూటీకి పోయాడు. సరాసరి వంటింట్లోకి వచ్చి నన్ను కూచోమంది. నేను కూచోలేదు, పొయ్యి మీద పప్పు ఉంది.

"మమ్మీ, మాల్టుతోని మేం చేసేది బీరు."

గరిటె తిప్పడం ఆపలేదు నేను. మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగడానికి కాసేపు పట్టింది.

"బీరంటే... బెల్టు షాపుల అమ్ముతరు, ఆ బీరా?"

"అది గాదు మమ్మీ. మాది అక్కడికక్కడ కాచి, అక్కడనే పోసేది. కొద్ది కొద్దిగ చేస్తం. ఒక్కోటి ఒక్కో రుచి. క్రాఫ్ట్ బీరంటరు."

"పేరేదైతేంది, ఎక్కుతదా ఎక్కదా?"

"ఎక్కుతది."

"నువ్వు తాగుతవా?"

"రుచి చూస్త. అది పని మమ్మీ."

పొయ్యి ఆపేశాను. "నాతోని అబద్ధమాడినవ్" అన్నాను.

"ఒక్కటి గూడ ఆడలే. నువ్వడిగినయన్ని చెప్పిన. మాల్టన్న. నీళ్ళన్న. ఆదివారమని గూడ అన్న."

ఆలోచిస్తే నిజమే. అన్నీ చెప్పింది. పాలూ బెల్లమూ నేనే కలుపుకున్నాను. అది తెలిసి మరీ కోపం వచ్చింది, ఆ కోపం వెనకే భయం వచ్చింది. భయమే పెద్దది.

"మీ డాడీ సాయంత్రం వస్తడు. ఆయనకు వాసన తగలకముందే దాన్ని మోరీల పారబొయ్యి."

"పొయ్య."

"స్తుతీ!"

"పొయ్య మమ్మీ. బోర్డు మీద నా పేరు రాసిండ్రు. కింద సారపాక అని గూడ రాసిండ్రు. ఎవరెవరో వచ్చి తాగి, మంచిగుంది, ఎవరు చేసిండ్రని అడుగుతున్నరు. నా ఇంట్ల ఒక్కరు గూడ నా పనేందో ఎరగకుంటే ఎట్ల? తాగమంట లేను. ఒక్కసారి చూడమంటున్న, అంతే."

ఒక పక్క ఆయన, ఒక పక్క ఈ పిల్ల. ఎవరి వైపు నిలబడినా రెండోవాళ్ళను తోసేసినట్టే. మళ్ళీ పొయ్యి వెలిగించి వంటంతా ముగించాను. చివరికి నా పాడు కుతూహలమే గెలిచింది. ఇల్లు తగలబడుతున్నా మంట ఏ రంగో చూసి రమ్మనే రకం నేను.

"ఏ రంగుంటది?" అన్నాను.

స్తుతి ముఖం విప్పారింది. "రాగిచెంబు తోమినట్టుంటది. చూస్తవా?"

"ఇంట్ల గాదు. పెరట్ల."

పెరట్లో బట్టలుతికే బండ దగ్గర రెండు గాజు గ్లాసులు పెట్టి, స్తుతి సీసా మూత తిప్పింది. బుస్సుమంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. సరిగ్గా అప్పుడే ఎర్రమ్మ వచ్చింది. పిల్ల వచ్చిందని విని, తన రాగులు ఏమయ్యాయో చూద్దామని వచ్చిందట. ఎర్రమ్మ దగ్గర దాచడానికేముంది, స్తుతి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఎర్రమ్మ బండ మీద చతికిలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"టీచరమ్మా, నూరు మంది పిల్లలకా! నూరు మందికా!"

నాకూ నవ్వు ఆగలేదు. అంత భయంలోనూ నవ్వాను. పిల్లలకు పాలూ బెల్లమూ వేసి నేనే ఇంట్లో మాల్టు కాచి తీసుకుపోవాలని అప్పుడే అనుకున్నాను, అలాగే చేశాను కూడా. పాస్టరమ్మకు అసలు సంగతి ఆ తర్వాత చెప్పాను. ఆమె ప్రార్థన చేస్తానంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "చేదుంటదా?" అని అడిగింది.

పెరట్లో స్తుతి రెండు గ్లాసుల్లోనూ పోసింది. ఎర్రమ్మ ఒకటి అందుకుని వేలు ముంచి, నాలుగు చుక్కలు నేల మీద చిలకరించింది. కొత్తది ఏదైనా ముందు పోయిన పెద్దలకు పెట్టందే కోయవాళ్ళు ముట్టరు. తర్వాత ఒక గుక్క తాగి, నాలుక చప్పరించి, స్తుతి వైపు చూసింది.

"ఇంత చేదెందుకు బిడ్డా?"

"ఒక తీగ పువ్వు ఏస్తం పెద్దమ్మా. హాప్స్ అంటరు. దాని చేదు."

"పువ్వేసి చేదు చేసిండ్రా!" ఎర్రమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మా ఊర్ల పువ్వుతోని తియ్యగ చేస్తరు గదే. ఇప్పపువ్వు తెస్త, చూడు." అంటూనే ఇంకో గుక్క తాగింది. "కానీ రాగులు రాగుల్లెక్కనే ఉన్నయ్. ఎటు పోలే."

స్తుతి ఆ మాటకు ఎంత పొంగిపోయిందో! బోర్డు మీద పేరు గురించి చెప్పినప్పుడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను. రెండు చేతుల్తో ఎర్రమ్మ చెయ్యి పట్టుకుని, ఇంకేం తెలుస్తోంది, ఇంకేం తెలుస్తోంది అని అడుగుతోంది. నేను రెండో గ్లాసులోకి వంగి బుడగలు పైకి రావడం చూస్తున్నాను. అందుకే గేటు చప్పుడు ఎవరికీ వినపడలేదు.

ఆ రోజు యార్డుకు లారీలు తక్కువ వచ్చాయట, మధ్యాహ్నానికే పంపించేశారు. పనిలోంచి వస్తే ఆయన కాళ్ళు కడుక్కోవడానికి నేరుగా పెరట్లోకే వస్తాడు. వచ్చి, జామచెట్టు దగ్గర ఆగిపోయాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. ముక్కు చెప్పేసింది.

"నేను పోతా టీచరమ్మా" అని ఎర్రమ్మ లేవబోయింది.

"కూసో ఎర్రమ్మా. తాగేటప్పుడు మధ్యల లేవకు" అన్నాడు ఆయన. గొంతు మామూలుగానే ఉంది. "ఏంది బిడ్డా అది?"

"బీరు డాడీ." స్తుతి లేచి నిలబడింది. "నేనే చేసిన. నా పని అదే. మన రాగులతోని చేసింది."

"నేను మోసిన రాగులా?"

"అవ్ డాడీ."

"పారబోస్తున్నం, నువ్వు లోపటికి పో" అంటూ నేను రెండో గ్లాసు అందుకోబోయాను. ఆయన చెయ్యి ఎత్తాడు. వచ్చి బండకు ఈ చివర కూచున్నాడు. చొక్కాకు కర్ర పొట్టు అంటుకుని ఉంది. స్తుతిని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. ఎన్ని రోజులు పులియాలి, పులిసింది చాలని ఎట్లా తెలుస్తుంది, చెడిపోతే ఏం చేస్తారు. ఆ పిల్ల మొదట తడబడింది, తర్వాత చేతులు ఊపుతూ చెప్పసాగింది. ఎండాకాలం పులిసే డ్రమ్ములు వేడెక్కకుండా ఎట్లా చూస్తుందో, ఒకసారి పాడైపోయిందంతా పారబోసి ఎట్లా ఏడ్చిందో.

"ఏడ్చినవా?"

"మస్తు ఏడ్చిన."

ఆయన తలాడించాడు. చెయ్యి చాపి, నిండుగా ఉన్న గ్లాసు తీసుకున్నాడు.

తాగుడు మానానని చర్చిలో ఏటేటా చెప్పుకునే సాక్ష్యం, చుట్టూ తిరిగి వచ్చే దారి, నా ఇన్నేళ్ళ కాపలా, అన్నీ ఆ గ్లాసులోనే ఉన్నాయి. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి రంగు చూశాడు. ముక్కు దగ్గరకు తెచ్చుకుని కళ్ళు మూసుకున్నాడు. నురగ వేళ్ళ మీదికి జారింది.

"వద్దయ్యా" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచి గ్లాసు నా వైపు చాపాడు.

"నువ్వు తాగు."

"నేనా! పుట్టి బుద్ధెరిగినంక ఏనాడన్న..."

"నేను తాగితే ఒక్క గుటకతోని ఆగదు రిబ్కా. నా సంగతి నాకెరుక. అట్లని నా బిడ్డ చేసింది ఎట్లుందో తెల్వకుండ ఎట్లుండాలె? నువ్వు తాగి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

ప్రార్థన చేసుకున్నానో లేదో గుర్తులేదు. రెండు చేతుల్తో గ్లాసు పట్టుకుని ఒక గుటక మింగాను. ముఖమంతా వంకర్లు పోయింది.

"చేదు."

"ఎసొంటి చేదు? కాకరనా, ఏపనా?"

"చేదంతే."

"జల్దీ చెప్పినవ్" అన్నాడు. "ఇంకో గుటక తాగు. ఆగి చెప్పు."

ఇంకో గుటక తాగాను. ఈసారి వెంటనే మింగలేదు.

"కాకర గాదు. నిమ్మతొక్క కొరికితే వస్తది సూడు, అసొంటిది. ముందల అదే ఉంటది. నాలుక మీద చిటపటమంటది." ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నేను ఆయన ముఖమే చూస్తూ చెప్పాను. "చేదు పోయినంక ఎన్కకెల్లి తీపొస్తది. బెల్లం తీపి గాదు. సంగటి గిన్నె అడుగున అంటింది గీక్కొని తింటం గదా, ఆ తీపి. గొంతుల చల్లగ దిగి, దిగినంక జర ఎచ్చగైతది."

ఆయన గొంతులో గుటక పడటం చూశాను. ఇన్నేళ్ళూ ఈ మనిషికి నేను కాపలా ఉన్నాననుకున్నాను. నాకంటే గట్టిగా తనకు తానే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే. మంచిగుంది."

ఆయన కళ్ళు తెరవకుండానే స్తుతి వైపు తిరిగాడు.

"మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు.